ముఖం మీద తగ్గని ఎరుపు, మంట: రోజేషియాకు సరైన వైద్యం దాకా ఎలా వెళ్లాలి

మా గుంటూరులో చెంపలు ఎర్రబడ్డాయంటే ఎవరైనా చెప్పే మాట ఒకటే. “ఒంట్లో వేడి చేసిందమ్మా, సబ్జా నీళ్లు తాగు.” నాకూ మూడేళ్లు అదే చెప్పారు, నేనూ నమ్మాను. సబ్జా నీళ్లు, బార్లీ జావ, మజ్జిగ, తలకు ఆముదం అన్నీ అయ్యాయి. ఆ తర్వాత మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చిన ట్యూబు. అసలు జబ్బు కన్నా ఆ ట్యూబు వల్ల పడ్డ బాధే ఎక్కువ. చివరికి డాక్టరు గారు చెప్పిన పేరు రోజేషియా.

ఉద్యోగం కోసం రోజూ గుంటూరు నుంచి విజయవాడ బస్సులో వెళ్లేదాన్ని. దారిలోనే మంగళగిరి, అక్కడే ఎయిమ్స్. ఆ దారిలో అన్నేళ్లు తిరుగుతూ కూడా, ముఖం మంటకు స్కిన్ డాక్టరును కలవాలని తోచలేదు. మీరు అన్నాళ్లు ఆలస్యం చేయకూడదని ఏం చేయాలో వరసగా రాస్తున్నాను. డాక్టరు లేకుండా సొంతంగా మందు వాడుకోవడానికి కాదు, డాక్టరు దగ్గరికి సిద్ధపడి వెళ్లడానికి.

మొదటి పని: మీ ముఖాన్ని సరిగ్గా గమనించడం

రోజేషియా ముఖం మధ్య భాగానికి వచ్చే దీర్ఘకాలిక జబ్బు. చెంపలు, ముక్కు, గడ్డం, నుదుటి మధ్య భాగం దీని చోటు. ఎక్కువగా 30 ఏళ్లు దాటాక మొదలవుతుంది. ముందు ముఖంలోకి ఒక్కసారిగా సెగ కొట్టినట్టు ఎరుపెక్కి కాసేపటికి పోతుంది. కొన్నాళ్లకు ఆ ఎరుపు పోకుండా నిలిచిపోతుంది. సన్నని ఎర్ర నరాలు, అంటే చర్మం కింది రక్తనాళాలు, కనబడతాయి. మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి, వాటిలో కొన్ని చీము పట్టినట్టు ఉంటాయి.

అయితే పుస్తకాల్లో, ఫోనులో చూపించే ఫొటోలు ఎక్కువగా తెల్లవాళ్లవి. చామనఛాయ చర్మం మీద ఎరుపు అలా కొట్టొచ్చినట్టు కనిపించదు. కమిలినట్టు, కాస్త వంగపండు రంగు కలిసినట్టు ఉంటుంది. అందుకే మనవాళ్లలో చాలామంది దీన్ని మంగు మచ్చలనో, ఎండకు నల్లబడడమనో అనుకుంటారు. రంగు కన్నా స్పర్శను నమ్మండి. చెయ్యి పెడితే చెంప వేడిగా ఉందా? అలవాటైన సబ్బే చురచురమంటోందా? ముఖం బిగుసుకున్నట్టు ఉందా? నాకు ఎరుపు కన్నా ముందు తెలిసింది మంటే. బాణలిలో పోపు వేసి ఇవతలకు వచ్చాక అరగంటైనా చెంపలు చల్లబడేవి కావు.

ఇంకొక చిన్న పరీక్ష ఉంది. డాక్టరు గారు నా చేతికి అద్దం ఇచ్చి, చెంప మీద చిన్న గాజు పలక అదిమి పట్టారు. అదిమినంతసేపూ ఆ రంగు పోయి చర్మం పాలిపోయింది. పలక తీయగానే మళ్లీ కమ్ముకుంది. “ఇది మచ్చ కాదమ్మా, రక్తనాళాలు విప్పారడం వల్ల వచ్చిన రంగు. మచ్చయితే అదిమినా పోదు” అన్నారు. పలచటి గాజు గ్లాసుతో ఇంట్లోనూ మీరు చూడొచ్చు. దాన్నిబట్టే జబ్బు తేల్చేయకండి. డాక్టరుకు చెప్పడానికి ఒక ఆనవాలు, అంతే.

దీనిలా కనిపించే జబ్బులు చాలా ఉన్నాయి. మొటిమలైతే నల్లటి, తెల్లటి గింజల్లాంటి బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్ ఉంటాయి, రోజేషియాలో అవి ఉండవు. ముక్కు పక్కన, కనుబొమల్లో జిడ్డుగా పొట్టు రాలుతుంటే అది చుండ్రు జాతి జబ్బు కావచ్చు. మంగు మచ్చల్లో సాధారణంగా మంట ఉండదు. తామర కూడా ముఖం మీదికి వస్తుంది, దాని మీద స్టెరాయిడ్ (వాపును అణిచే బలమైన మందు) రాస్తే రూపం మారిపోయి గుర్తు పట్టడం కష్టమవుతుంది. కుంకుమ, జుట్టు రంగు పడకపోవడం ఇంకొకటి. వీటన్నిటిలో జాగ్రత్త పడాల్సింది లూపస్ విషయంలో, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు. ముఖం మీద ఎరుపుతో పాటు కీళ్ల నొప్పులు, నోటి పూత, జ్వరం, బాగా నీరసం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు ఆ మాట చెప్పండి. అప్పుడు రక్తపరీక్షలు రాస్తారు. రోజేషియాను మాత్రం తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు, డాక్టరు చూసి, అడిగి తేలుస్తారు.

రెండో పని: ముఖానికి రాసినవన్నీ ఒక కవర్లో వేయడం

నన్ను అడిగితే ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. మీరు రాసిన ప్రతి క్రీమూ, ఖాళీ అయిన ట్యూబులతో సహా, డాక్టరు ముందు పెట్టాలి.

నాకు మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు మూడు రోజుల్లో ముఖాన్ని తేటగా చేసింది. అంత ఆనందం ఎప్పుడూ లేదు. ఆపిన నాలుగో రోజుకు మంట రెట్టింపైంది. మళ్లీ రాశాను, మళ్లీ తగ్గింది. అలా పద్నాలుగు నెలలు. అయిపోవస్తున్న ట్యూబును మూత దాకా చుట్టి, చివర కత్తెరతో కోసి, లోపల అంటుకున్నది వేలితో గీకి రాసుకున్న రోజులున్నాయి. అందులో ఉన్నది స్టెరాయిడ్ అని నాకు తెలియదు. ముద్రించిన అక్షరాలు చీమ తలంత ఉంటాయి, ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే గాని కనపడలేదు.

స్టెరాయిడ్ రాసినప్పుడు రక్తనాళాలు ముడుచుకుంటాయి, వాపు అణుగుతుంది, అందుకే తగ్గినట్టుంటుంది. ముఖం మీద నెలల తరబడి వాడితే చర్మం పలచబడుతుంది, నరాలు తేలతాయి, పొక్కులు పెరుగుతాయి, సన్నని వెంట్రుకలు కూడా రావచ్చు. రోజేషియా లేనివాళ్లకు కూడా అచ్చం అలాంటి ముఖమే తయారవుతుంది. మన దేశంలో ఇది ఎంత ఎక్కువంటే చర్మ వైద్యులు దీనికి స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అని ప్రత్యేకంగా పేరే పెట్టుకున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో కచ్చితంగా చేర్చింది. ఇప్పటికీ అడిగితే చేతికిచ్చేవాళ్లు ఉన్నారు.

ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, బెక్లోమెథసోన్, హాలోబెటసాల్ అన్న పేర్లలో ఏదైనా కనిపిస్తే అది స్టెరాయిడ్. ‘తెల్లబడే’ క్రీముల్లో, ‘తామరకు, దురదకు, అన్నిటికీ పనిచేసే’ మిశ్రమాల్లో ఇవి ఉంటాయి.

నాలుగైదు రోజులే రాసి ఉంటే ఇక రాయకండి. నెలల తరబడి రాసి ఉంటే సొంత నిర్ణయం వద్దు, ఆ వారంలోనే డాక్టరును కలవండి. ఒక్కసారిగా ఆపాలా, మెల్లగా తగ్గించాలా అనేది వాళ్లు చెప్తారు. ఎలా ఆపినా కొన్ని వారాలు ముఖం మండిపోతుంది, ఒక్కోసారి నెలలు పడుతుంది. “కొత్త డాక్టరు మందు పడలేదు” అనిపించేది అప్పుడే, చాలామంది పాత ట్యూబు దగ్గరికి తిరిగి వెళ్లేదీ అప్పుడే. ఆ మంట ఎక్కువగా కొత్త మందుది కాదు, పాత ట్యూబుది. ఈ మాట నాకు ముందే చెప్పారు కాబట్టి ఆ రెండు నెలలు ఓర్చుకోగలిగాను.

మూడో పని: పదిహేను రోజుల లెక్క

చిన్న నోటు పుస్తకం చాలు. ముఖం ఎర్రబడిన వేళ, దానికి ముందు గంటలో ఏం చేశారు, ఏం తిన్నారు, ఎంతసేపటికి తగ్గింది రాయండి. రోజూ ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళ, పౌడరు లేకుండా ఫొటో తీయండి. మంట ఎక్కువైన రోజు తప్పకుండా తీయండి. డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజే ముఖం బాగుంటుంది, అప్పుడు ఆ ఫొటోలే సాక్ష్యం.

రోజేషియాను రెచ్చగొట్టేవి ఎండ, వేడి, వేడి వేడి టీ కాఫీలు, కారం, మద్యం, టెన్షన్, బాగా వేడినీళ్ల స్నానం, ఒళ్లు వేడెక్కేలా వ్యాయామం. రోహిణి కార్తెలో విజయవాడ ఎండ, గుంటూరు మిరపకాయ రెండూ మనకే ఉన్నాయి. అయితే అన్నీ అందరికీ పడకుండా పోవు. పచ్చళ్లు, కారప్పొడి మొత్తం మానేసి చప్పిడి తిండి తిని, అయినా తగ్గక నిరాశపడిన వాళ్లున్నారు. నా పుస్తకంలో తేలిందేమిటంటే ఆవకాయ నన్ను ఏమీ చేయలేదు. పొయ్యి సెగ, పొగలు కక్కే టీ, మధ్యాహ్నం రెండింటి బస్సు, ఈ మూడే. టీ మానలేదు, చల్లార్చి తాగుతున్నాను. చాలామంది విషయంలో కాఫీ టీల్లో చేటు చేసేది వాటి వేడే. కారం పడకపోవడానికీ కారణం ఉంది. మిరపలోని ఘాటు పదార్థం, వేడి తగిలితే మెదడుకు చెప్పే నరాలనే తట్టి లేపుతుంది. మిర్చి యార్డులో పనిచేసేవాళ్లు, ఇంట్లో కారం దంచేవాళ్లు ఆ చేతులతో ముఖం ముట్టుకోకండి, ముక్కుకూ చెంపలకూ పలచటి నూలు గుడ్డ కట్టుకోండి.

నాలుగో పని: డాక్టరును ఎంచుకోవడం

వెళ్లాల్సింది చర్మవ్యాధుల నిపుణుల దగ్గరికే. బోర్డు మీద ఎం.డి. డి.వి.ఎల్., డి.డి.వి.ఎల్., డి.ఎన్.బి. డెర్మటాలజీ లాంటి చదువు ఉందో లేదో చూడండి. ‘స్కిన్ అండ్ హెయిర్’ అన్న బోర్డు ఉంటే సరిపోదు. మొదటి రోజే పీలింగు (రసాయనంతో చర్మం పై పొర ఊడేలా చేయడం), ఫేషియల్, ప్యాకేజీ అంటే లేచి వచ్చేయండి. మంటతో ఉన్న రోజేషియా ముఖానికి పీలింగు మొదటి వైద్యం కాదు.

ప్రభుత్వ వైద్యం కావాలంటే గుంటూరు మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న జనరల్ ఆసుపత్రి, విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, ఈ రెండు ఊళ్ల మధ్య మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. మూడింటిలోనూ చర్మవ్యాధుల విభాగం ఉంది. ఉదయాన్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకోవాలి. ఆధార్ కార్డు, ఫోను దగ్గర ఉంచుకోండి. బోధనాసుపత్రిలో ముందు చిన్న డాక్టర్లు చూసి తర్వాత పెద్ద డాక్టరుకు చూపిస్తారు. రెండుసార్లు అడుగుతున్నారని విసుక్కోకండి, రెండు జతల కళ్లు చూడడం మీకే మంచిది. ప్రైవేటుగా అయితే విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట వైపు స్పెషలిస్టులు ఎక్కువ.

డాక్టరు గదిలో ఉండేది ఐదు నిమిషాలో పదో. అందుకే మొదటి మాట సూటిగా చెప్పండి. “డాక్టరు గారూ, ఏడాదిగా చెంపలు ఎర్రబడి మండుతున్నాయి, ఈ ట్యూబు ఎనిమిది నెలలు రాశాను, కళ్లు కూడా చురచురమంటున్నాయి.” కవరు బల్ల మీద పెట్టండి. నా కవరు చూసి డాక్టరు గారు కోప్పడతారని భయపడ్డాను. ఆవిడ ఒక్కో ట్యూబూ తీసి, “ఇది ఎన్నాళ్లు రాశావమ్మా? ఇది?” అని అడిగి రాసుకున్నారు, అంతే. బీపీ మందులతో సహా వాడే మాత్రలన్నీ చెప్పండి. గర్భంతో ఉన్నా, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా, పాలిస్తున్నా అడగకముందే చెప్పండి. తర్వాత మీరు అడగాల్సినవి: ఇది రోజేషియానా, స్టెరాయిడ్ వల్ల వచ్చినదా, రెండూనా? రాసిన క్రీముల్లో స్టెరాయిడ్ ఏమైనా ఉందా? ఎన్ని వారాలకు మార్పు కనిపించాలి?

ఐదో పని: రాసిన మందు అర్థం చేసుకుని వాడడం

రోజేషియా పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో ఉండే జబ్బు. ఈ మాట విని మొదట ఏడ్చాను. కానీ అదుపులో ఉన్న ముఖం అంటే ఏమిటో తెలిశాక ఆ భయం పోయింది. ఇప్పుడు చాలా రోజులు నాకు జబ్బు ఉన్నట్టే గుర్తుండదు.

పొక్కులకు ఎక్కువగా రాసే పూతమందులు మూడు. మెట్రోనిడజోల్ జెల్ లేదా క్రీము ఒకటి. రెండోది 1 శాతం ఐవర్‌మెక్టిన్ క్రీము, రోజుకు ఒకసారి. అందరి ముఖం మీదా ఉండే డెమోడెక్స్ అనే కంటికి కనపడని పురుగులు రోజేషియా ఉన్నవాళ్లలో ఎక్కువగా ఉంటాయి. ఈ మందు వాటిని తగ్గిస్తుంది, వాపునూ తగ్గిస్తుంది. పురుగులు అనగానే శుభ్రత లేదని కాదు, ఇది అంటుకునే జబ్బూ కాదు. మూడోది అజెలాయిక్ యాసిడ్, 15 శాతం జెల్ లేదా 20 శాతం క్రీము. మొదటి వారాల్లో చిమచిమలాడుతుంది గాని నల్లమచ్చలనూ తగ్గిస్తుంది, కాబట్టి మన చర్మానికి బాగా నప్పుతుంది. ముఖం కడిగిన వెంటనే కాకుండా పూర్తిగా ఆరాక రాస్తే ఇవి తక్కువ మండుతాయి.

పొక్కులు ఎక్కువగా ఉంటే డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. 40 మిల్లీగ్రాముల నెమ్మదిగా కరిగే రకం సూక్ష్మజీవులను చంపడానికి కాదు, వాపు తగ్గించడానికి. 100 మిల్లీగ్రాములవీ రాస్తారు. నిండు గ్లాసు నీళ్లతో మింగండి, వెంటనే పడుకోకండి, లేదంటే గొంతు దిగువన పుండు పడొచ్చు. పాలతో గాని, ఐరన్, కాల్షియం మాత్రలతో గాని కలిపి వేసుకోకండి. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది, జాగ్రత్త. గర్భిణులు వాడకూడదు. వీటికి లొంగని వాళ్లకు తక్కువ మోతాదులో ఐసోట్రెటినాయిన్ ఇస్తారు. దాన్ని వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన లోపాలు రావచ్చు. రక్తపరీక్షలు చేయిస్తూ డాక్టరు చెప్పినట్టే వాడాలి, ఒకరి చీటీ ఇంకొకరు అసలు వాడకూడదు.

పొక్కులు తగ్గినా ఎరుపు, నరాలు మిగిలిపోతాయి. ఎరుపును కొన్ని గంటలు తగ్గించే బ్రిమోనిడిన్ లాంటి జెల్ ఉంది, కొందరికి దాని ప్రభావం దిగాక ఎరుపు ఇంకా పెరుగుతుంది. తేలిన నరాలకు ఎక్కువగా వాడేది లేజరు. అది ఒక్క సిట్టింగుతో అయిపోదు, కొన్నేళ్లకు మళ్లీ అవసరం పడొచ్చు. చామనఛాయ చర్మానికి లేజరుతో నల్లమచ్చలు పడే ప్రమాదం ఉంది. “మా రంగు చర్మానికి ఎంతమందికి చేశారు? ముందు చిన్న చోట చేసి చూస్తారా?” అని మొహమాటం లేకుండా అడగండి.

మగవాళ్లకు ఒక మాట. ముక్కు చర్మం దళసరెక్కి, గుంటలు పడి, బుడిపెలా పెరగడం మగవాళ్లలో ఎక్కువ. చూసినవాళ్లు తాగుడు వల్లే అంటారు. మద్యం ఎరుపును రెచ్చగొడుతుంది నిజమే గాని, జీవితంలో చుక్క ముట్టని వాళ్లకూ ఈ ముక్కు వస్తుంది. ఆ నిందకు సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి. మొదట్లో అయితే మందులతో ఆపవచ్చు, ముదిరితే లేజరుతోనో ఆపరేషనుతోనో ఆకారం సరిచేస్తారు.

కళ్లను మరవద్దు

రోజేషియా కళ్లకూ వస్తుంది, చర్మం కన్నా ముందే కూడా రావచ్చు. కంట్లో ఇసుక పడినట్టు గరగర, మంట, నీళ్లు కారడం, రెప్పల అంచులు ఎర్రబడి పొట్టు కట్టడం, కంటి కురుపులు పదేపదే లేవడం దాని గుర్తులు. రోజూ గోరువెచ్చని గుడ్డతో రెప్పలకు కాపడం పెట్టి, అంచులు మెత్తగా తుడవడం చాలామందికి పనిచేస్తుంది. కాపడం రెప్పలకే, చెంపలకు కాదు. కన్ను నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి, నల్లగుడ్డు మీద పుండు పడే ప్రమాదం ఉంది. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉన్నాయి. కంటి డాక్టరుకు ముఖం మీద రోజేషియా ఉన్న సంగతి మీరే చెప్పాలి.

ఇంట్లో రోజూ

వేడినీళ్లతో కాదు, మామూలు నీళ్లతో, నురగ తక్కువ వచ్చే మెత్తటి ఫేస్‌వాష్‌తో, వేళ్లతోనే కడగండి. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. బయటికి వెళ్లేముందు సన్‌స్క్రీన్, ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గకుండా. జింక్ ఆక్సైడ్ ఉన్నవి మండే చర్మానికి ఎక్కువగా పడతాయి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండినంత ముఖానికీ మెడకూ కావాలి. ఎండలో తిరిగేవాళ్లు రెండు మూడు గంటలకొకసారి మళ్లీ రాయాలి. దాంతో పాటు గొడుగు, చున్నీ.

సున్నిపిండి, నిమ్మరసం, పసుపు, టమాటా, పార్లరులో ఆవిరి, బ్లీచింగు, స్క్రబ్ ఏవీ వద్దు. పసుపు మంచిదే కదా అని మా అత్తయ్య బాధపడ్డారు. “కాళ్లకు రాసుకుంటాను అత్తయ్యా, ముఖానికి డాక్టరు గారు వద్దన్నారు” అన్నాను, ఆవిడ సరేనన్నారు. శుక్రవారం నాడు పాదాలకు పసుపు ఆవిడే రాస్తున్నారు. వంట తెల్లవారుజామునే ముగించండి. పొయ్యి దగ్గర టేబుల్ ఫ్యాను మీ ముఖం వైపు తిప్పుకోండి. సెగ మొదలైందనిపిస్తే తడిగుడ్డ మెడ వెనక వేసుకోండి, ముఖం మీద ఐసు నేరుగా రుద్దకండి.

తిరిగి చూపించుకోవడం

పూతమందులు పనిచేస్తున్నాయో లేదో తెలియడానికి 8 నుంచి 12 వారాలు కావాలి. పది రోజులకే డాక్టరును మార్చేస్తే ఏ మందూ పనిచేసినట్టు కనపడదు. అయితే ముఖం వాచినా, చీము పొక్కులు ఒక్కసారిగా కమ్ముకున్నా, కన్ను నొప్పి వచ్చినా ఆగకండి. 12 వారాల తర్వాత మొదటి రోజు ఫొటోనూ ఆ రోజు ఫొటోనూ పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించండి. అద్దంలో రోజూ చూసుకునే మనకు మార్పు తెలియదు. తగ్గకపోతే మందు మార్చమని, రెండు మందులు కలిపి వాడొచ్చా అని అడగండి. తగ్గితే మాత్రలు ఆపి పూతమందు కొనసాగిస్తారు. ఎన్నాళ్లు, వారానికి ఎన్నిసార్లు అనేది చీటీ మీద రాయించుకోండి. ఎండాకాలంలో మళ్లీ రేగితే ఏ క్రీముతో మొదలుపెట్టాలో కూడా ఆ రోజే అడగండి. నా చీటీ వెనక డాక్టరు గారు చేత్తో రాసిచ్చిన ఆ రెండు వరసలను ఫొటో తీసి ఫోనులో పెట్టుకున్నాను. మార్చి రాగానే తీసి చూస్తాను.